బదులు రోజు

ఓవర్‌టైముకు ఇగ పైసలు రావు, సెలవు వస్తదని
సోహార్‌ల మా క్యాంపు మెస్సు గోడకు
జూన్ నెల నోటీసు అంటిచ్చిండ్రు, చాయ్ గిన్నెల పైన.
టైంకీపర్ షంసుద్దీన్ సదివి సెప్పిండు:
గంటకు గంట.
ఎనిమిది జమైతే ఒక దినం.
జీతం కోత లేదు. సంతకం పెట్టుండ్రి.

నవ్వొచ్చింది నాకు. ఇదేం కొత్త?
మా మెట్‌పల్లి దిక్కు పసుపు తవ్వేటప్పుడు
ఇయ్యాల నీ చేన్లకు నేనొస్త,
ఎల్లుండి నా చేన్లకు నువ్వు రా.
బదులు పోవుడు అంటరు దాన్ని.
ఎవ్వరు కాయితం మీద రాయరు.
రాయకున్నా, ఎగ్గొట్టినోడు
మళ్ల ఎవని బాయి కాడ నీళ్లడగలేడు.

గట్లనే అనుకొని పెట్టిన సంతకం.

పగటీలి ఎండకు పని బందు పెడ్తరు గద,
ఆ మూడు గంటలు రాత్రికి జరిగినయి,
ఎనుక ఇంకో రెండింటిని తోలుకొచ్చినయి.
జెట్టీ మీద కడ్డీలు కడుతుంటే
సముద్రం మీదికెల్లి గాలి కాదు, ఆవిరి
ఉడికిన బట్టల మూట ఇప్పినట్టు.
తీగ సుట్టి సుట్టి బొటనేలు ముద్ర అరిగిపోయింది,
హాజరు మిషను గుర్తుపట్టలే నన్ను,
మళ్లొకసారి పెట్టు, మళ్లొకసారి పెట్టు అన్నది.
అయినా లెక్క తప్పలే. షంసుద్దీన్ మంచోడు.
ఆగస్టు ఆఖరుకు నా పేరు ఎదురుంగ
నూట పన్నెండు గంటలు.
పద్నాలుగు దినాలు.

ఎప్పుడు తీసుకోవాలె అంటే, పని లేనప్పుడంట.

సిమెంటు ఓడ రాని ఒక మంగళారం
నన్ను లేపకుంటనే పోయింది బస్సు.
ఆరున్నరకు తలుపు కాడ ఒకడు నిలబడ్డడు
హెల్మెటు చంకల పెట్టుకొని.
తిల్‌బహదూర్. నైట్ షిఫ్ట్.
నా మంచానికి పగటి మనిషి.

రెండేండ్ల సంది ఒక్క పరుపు మాది.
వాని తలనూనె వాసన ఎరుక నాకు,
దిండు కింద మర్సిపోయే గోలీల పట్టీ ఎరుక,
మొకం నిదానంగ సూసుడు గిదే మొదలు.
ఏమనలే వాడు. గోడకొరిగి కండ్లు మూసిండు.
నిలబడే నిద్ర, జట్కా గుర్రం లెక్క.
లేచి దుప్పటి దులిపిన.

ఇంటికి ఫోన్ జేసిన, ఇయ్యాల సెలవే అని.
అవతల గంగజల బీడీల చాట పక్కకు పెట్టిన సప్పుడు.
వెయ్యికింత అని ఆమె లెక్క,
సెలవనే మాట ఆమె కార్ఖాన పుస్తకంల లేదు.
"పానం బాగలేదా?" అన్నది.
బాగనే ఉంది అంటే నమ్మలే.
"దాస్తున్నవు," అన్నది.

సల్లగుంటదని ఎక్స్‌ఛేంజికి పోయిన.
టోకెన్ యాభై మూడు.
అద్దం అవతలి పిల్ల హిందీల అడిగింది, ఎంత పంపాలె?
అమ్మా, నా పేరు మీద పదమూడు దినాలున్నయి,
రెండు పంపుత, చిట్టీ కట్టాలె పదో తారీఖుకు,
ఇయ్యాల రేటెట్లుంది?
గొంతు దాక వచ్చింది.
తప్పు లైనుల నిలబడ్డ అని చెప్పి బయటికొచ్చిన.

రోడ్డవతల ఖర్జూరం నీడ ఉన్నది,
ఒక పిల్లి ఉన్నది. ఇద్దరం కూసున్నం.

పొద్దుమూకి గదికి పోతే
బూట్ల తాళ్లు కట్టుకుంటున్నడు తిల్‌బహదూర్.
భయం భయంగ అడిగిండు,
రేపు గూడ సెలవేనా నీకు?
లేదన్న.
ఎంత పెద్ద ఊపిరి ఇడిసిండో!
మళ్ల తనే సిగ్గుపడి, బిస్కిట్ పుడ సగం సాపిండు.
వానికి పదహారున్నయంట జమ.
ఒక్క మంచం, ఇరవై తొమ్మిది దినాలు.

అప్పుడు మాట్లాడుకున్నం
సగం హిందీ, సగం చేతులు:
నా సెలవు పగలు వాడు మంచం మీద, నేను కిందికి.
వాని సెలవు రాత్రి నేను మంచం మీద, వాడు కిందికి.
చాప నాది. రెండో దిండు వాడు తెస్తడు.
కాయితం మీద రాయలే.

బస్సు హారన్ కొట్టింది. ఉరికిండు.
ఒరిగిన.
పరుపు ఇంక వెచ్చగనే ఉంది.